కడగని కుర్చీ

లాకులపేట, నరసాపురం తాలూకా,
1893 జనవరి 6.

దొరికిందిరా నాయనా, దొరికింది! నువ్వడిగిన కుర్చీ ఇప్పుడు మన వసారాలో ఉంది!

చిరంజీవి ఏసురాజుకు మీ నాన్న వీరాస్వామి రాస్తున్నది. కాలువ లాకు తలుపులు తీసే లస్కరు పని వచ్చిన రోజున కూడా నేనింత పొంగిపోలేదు.

పోయిన ఏడు మంగలి కొట్లో కుర్చీ చూసి ఒలందావాళ్లదని రాస్తే నవ్వావు. పాదిరిగారి ఊగుడు కుర్చీ సంగతి రాస్తే ఇంకా నవ్వావు. ఇప్పుడు నవ్వు, చూద్దాం! మొత్తం నల్లచేవ. ఇద్దరం ఎత్తలేక ఎత్తాం. కాళ్లు నాలుగూ పడవ మోకు పేనినట్టు మెలికలు తిరిగి ఉన్నాయి. వీపు చెక్క నిండా పూలు, తీగెలు. నడుమ ఒక బొమ్మ, పైన ఆడమనిషి, కింద చేప. మీ అమ్మ చూసి "ఛీ, ఒంటిమీద గుడ్డ లేదు" అని దానికి తన కొంగు కప్పబోయింది. ఆ బొమ్మకు అటొక చిలక, ఇటొక చిలక, వాటి కళ్లు ఏనుగుదంతం. కూర్చునే చోట మొకమలు దిండు. ఒకప్పుడు ఎర్రగా ఉండేదేమో, ఇప్పుడు ఎండు మిరపకాయ రంగులో ఉంది.

ఎలా వచ్చిందంటావా? మన ఊరి రామరాజుగారు కాలం చేశారు. ఇంగ్లీషువాళ్ల కంటే ముందు పాలకొల్లులో గోదాములు కట్టుకున్న ఒలందావాళ్లు, మీరు డచ్చివాళ్లంటారే, వాళ్లు వెళ్లిపోతూ రాజుగారి ముత్తాతకు ఇచ్చిన కుర్చీ ఇది. రాజులలో పెద్దలు పోతే వాళ్లు వాడిన మంచం, పక్క, ఆసనం మన పేటకే కదా ఇచ్చేస్తారు. ఆ అంటు వాళ్లకు, మనకేమిటి? మంచం పక్కింటి పోతురాజు పట్టుకుపోయాడు. ఈ చేప దయ్యాన్ని ఎవరింట్లో పెట్టుకుంటారని కుర్చీని మటుకు ఎవరూ ముట్టలేదు. నేను ముట్టాను!

మనవరాలు బోర్లాపడిందా? పెళ్లయిన ఎన్నేళ్లకు దేవుడు కనికరించాడు! ఈస్టరుకు తీసుకురండి, ఇక్కడే బాప్తిస్మం ఇప్పిద్దాం. మా అమ్మ పేరు పాపాయమ్మ అని పెట్టాలి. రూతమ్మ అంటోందట కోడలిపిల్ల, నేను బతిమాలుకుంటానని చెప్పు. ఆ పట్నంలో టీకాలు వేయించకండి. మన అప్పారావుగారి చెయ్యి తేలిక, నీకు వేసింది ఆయనే. ఈస్టరుకు వచ్చినప్పుడు ఆయన చేతే వేయిద్దాం.

ధవళేశ్వరంలో మీ మేనత్త పెద్దింట్లమ్మకూ, రావులపాలెంలో మీ చిట్టియ్య బాబాయికీ, పోలవరంలో కోడలిపిల్ల అన్న జీవరాజుకూ కుర్చీ దొరికిందని కబురు పంపేశాను. ఊళ్లో ఎదురుపడ్డ ప్రతివాడికీ చెబుతున్నాను.

పట్టరాని ఆనందంలో ఉన్న
మీ నాన్న

*

మద్రాసు,
1893 జనవరి 17.

నాన్నగారికి ఏసురాజు నమస్కరించి రాసుకున్నది.

మీ ఉత్తరం మా పాత సామాన్ల కొట్లోనే విప్పి చదివాను. మా దొర ఎదురుగానే ఉన్నాడు. మెలికల కాళ్లు, చేప మనిషి, దంతం కళ్లు అని ఇంగ్లీషులో చెబుతుంటే అతను చేతిలో చుట్ట కింద పెట్టేశాడు. అలాంటి కుర్చీ కోసం అతను పుదుచ్చేరి, నాగపట్నం, బందరు అన్నీ తిరిగాడు. ఈ వేసవికి పని ముగించుకుని స్వదేశం వెళ్లిపోతున్నాడు, తన ఇంటికి తీసుకువెళ్లడానికి కావాలట. నిజంగా పాతదే అయితే ఈస్టరుకు నాకు సెలవు, అతను వెళ్లాక కొట్టు పెత్తనం నాకు. అంతా ఆ కుర్చీ మీదే ఉంది నాన్నగారూ.

అందుకని నేను చెప్పినట్టు చేయండి. ముందు దాన్ని బోర్లించి చూడండి. ఇనప మేకులు ఉన్నాయా, కర్ర చీలలా? అడుగు చెక్క చిత్రిక పట్టి నున్నగా ఉందా, బాడిస దెబ్బలు కనబడుతున్నాయా? కర్ర చీలలు, బాడిస గంట్లు ఉంటే పాతది.

రెండోది అన్నిటికంటే ముఖ్యం. దాన్ని కడగకండి. నూనె పెట్టకండి. దిండు మార్చకండి, దులపకండి, ఎండలో వేయకండి. కడిగి మెరిపించిన కుర్చీ సగం చచ్చిన కుర్చీ అంటాడు మా దొర. ఆ మొకమలు, ఆ మరకలే దాని వయసుకు సాక్ష్యం. మనవాళ్లు ప్రేమకొద్దీ రుద్ది పాడు చేసిన కుర్చీలు కొట్లో మూలన పడి ఉన్నాయి. ఎలా ఉన్నది అలాగే పంపాలి.

గోదావరి జిల్లాలో మశూచి ఎక్కువగా ఉందని పేపర్లో రాశారు. మీకూ అమ్మకూ చిన్నప్పుడే వచ్చిపోయింది కాబట్టి దిగులు పడటం లేదు. నీళ్లు కాచుకుని తాగండి.

పాప బోర్లాపడింది. టీకా మాట మీరన్నట్టే. ఈస్టరు ఎంతో దూరం లేదు కదా, మీ అప్పారావుగారి చేతే వేయిద్దామని దేవకుమారి కూడా అంది. పేరు సంగతి మాత్రం మామా కోడళ్లు తేల్చుకోండి, నేను మధ్యలో రాను.

మీ కుమారుడు
ఏసురాజు

*

లాకులపేట,
1893 జనవరి 28.

కర్ర చీలలే! బాడిస గంట్లే! పాతదేరా అబ్బాయీ, పాతాతిపాతది!

చిరంజీవి ఏసురాజును కళ్లారా చూసినట్టు తలుచుకుని రాసేది. కుర్చీని బోర్లిస్తే చెక్కడం గీసుకుపోతుందని ముగ్గురు దాన్ని పక్కకు వంచి పట్టుకున్నారు. నేను పడుకుని దాని కిందకు దూరాను. మళ్లీ లేవడానికి మీ అమ్మ చెయ్యి ఇవ్వవలసి వచ్చింది. లోపల చీకట్లో వేలితో తడిమాను, ఒక్క ఇనప మేకు తగల్లేదు. పాదిరిగారిని పిలిచి చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని "కుర్చీ బాగుంది గాని, ఆ బొమ్మ గుడిలోకి పనికిరాదు వీరాస్వామీ" అన్నారు. గుడికి ఎవరిస్తున్నారండీ, మద్రాసు పోతోంది, అన్నాను.

ఇక మీ అమ్మతో యుద్ధం విను. నీ ఉత్తరం చదివి వినిపించాను. అంతా విని లోపలికి వెళ్లింది. కాసేపటికి బిందెడు పసుపునీళ్లు, పెద్ద వేపమండ పట్టుకుని వచ్చింది.

"వీరమ్మా, నీకేమైనా పిచ్చా?" అన్నాను.

"చావింటి సామాను కడక్కుండా పసిపిల్ల ఉన్న ఇంటికి పంపుతావేంటయ్యా?"

"అబ్బాయి ఏం రాశాడో వినలేదా? కడిగితే కుర్చీ చస్తుందంట."

"అబ్బాయికి కుర్చీలు తెలుసు. చావు ఇళ్లు నాకు తెలుసు."

"మనం క్రైస్తవులం. పసుపేంటి, వేపేంటి?"

"క్రైస్తవులు కడుక్కోరా?" అంది.

బిందె లాక్కుని అరటిచెట్ల పాదులో పోసేశాను. మర్నాడు సర్దుతుంటే దిండు కింద దొంగచాటుగా వేపాకులు దోపింది. ఏరి పారేశాను. ఒక్క నీటిబొట్టు పడనివ్వలేదురా! దొర గీటు పెట్టి చూసినా తప్పు పట్టలేడు.

తాటాకు చాపలు, వరిగడ్డి చుట్టి సరుకు పడవకు ఎక్కించాం. బెజవాడ మీదుగా కాలువల్లోనే మద్రాసు దాకా వస్తుంది. లాకు తలుపు తీసింది నేనే. కొత్త లస్కరును పక్కకు తప్పుకోమన్నాను. పడవ పోతుంటే తలగుడ్డ తీసి ఊపాను, పెళ్లికూతుర్ని పంపుతున్నట్టు.

మీ అమ్మ ఇంకా వదల్లేదు. కుర్చీ రాగానే నువ్వైనా కడగమని రాయమంటోంది. రాశాను, పట్టించుకోకు.

నీ తండ్రి
వీరాస్వామి

*

మద్రాసు,
1893 మార్చి 3.

నాన్నగారికి, అమ్మకు ఏసురాజు రాయునది.

కుర్చీ క్షేమంగా చేరింది. చిన్న గీత కూడా పడలేదు. కూలీలు చాపలు విప్పుతుంటే పక్కనే నిలబడి ఒక్కో కాలూ తడిమి చూసుకున్నాను. అది వచ్చేసరికి దొర ఊటీలో ఉన్నాడు. కొట్లో జనం వచ్చిపోతూ తగిలించేస్తారని దాన్ని మా ఇంట్లోనే పెట్టుకున్నాను. ఉన్న ఒక్క గదిలో సగం అదే ఆక్రమించింది. మేం దాని చుట్టూ పక్క వేసుకుంటున్నాం.

దొర మొన్న వచ్చి చూశాడు. చుట్టూ తిరిగాడు, మోకాళ్ల మీద కూర్చున్నాడు, దిండు ఎత్తి వాసన చూశాడు. "ఎవరూ చెయ్యి పెట్టలేదు" అన్నాడు. అది అతని నోట వచ్చే పెద్ద మెప్పు. అమ్మ కోప్పడనంటే ఒక మాట, ఆ పసుపునీళ్లు పడి ఉంటే ఈ మాట వచ్చేది కాదు.

ఈస్టరుకు సెలవు ఇచ్చేశాడు!

గుర్తు పట్టడానికి దానికి ముందు నుంచి, వెనక నుంచి, కాళ్లకు విడిగా ఫొటోలు తీయించాడు. ఫొటోగ్రాఫరు దగ్గర ఇంకో ఫొటోకు సరిపడే గాజు పలక ఒకటి మిగిలింది. దేవకుమారి చటుక్కున పాపను తెచ్చి దిండు మీద పడుకోబెట్టింది. ఆ ఫొటోయే మీకు పంపుతున్నాను. అది రోజూ ఆడుకునే చోటే, కొత్తేమీ కాదు. కింద ఎలుకలు తిరుగుతున్నాయని పగలు దాన్ని దిండు మీదే పడుకోబెడుతున్నాం. చిలక ముక్కు పట్టుకుని వదలదు. దిండు అంచు చీకుతూ నిద్రపోతుంది.

దొరకు కూడా ఒక మనవరాలు ఉందట, ఇంకా నడక రాలేదు. ఇల్లు చేరగానే ఆ పిల్లను ఇదే కుర్చీలో కూర్చోబెట్టి రంగుల బొమ్మ గీయిస్తాడట. మా పాప ఫొటో చూసి నవ్వి, "ముందు మీ అమ్మాయి కూర్చుంది, తర్వాత మా అమ్మాయి" అన్నాడు.

ఒక్కటే కావాలి. కుర్చీతో పాటు దాని చరిత్ర కూడా రాసి ఉంచుకోవడం వాళ్ల పద్ధతి. ఎవరు తెచ్చారు, ఏ గదిలో ఉండేది, చివరగా ఎవరు కూర్చున్నారు. రామరాజుగారి దివాణంలో అడిగి వివరంగా రాయండి.

మీ కుమారుడు
ఏసురాజు

*

లాకులపేట,
1893 మార్చి 13.

బంగారుతల్లిని చూశాను నాయనా, నా కళ్లతో చూశాను!

ఫొటో అందింది. అచ్చం మా అమ్మే. ఆ నుదురు, ఆ మూతి విరుపు. దాన్ని జేబులో పెట్టుకుని కాలువ గట్టు పొడుగునా తిరిగాను. "ఎవరండీ ఈ రాణీగారు?" అని అడిగారు. "మా పాపాయమ్మ" అన్నాను. కోడలిపిల్లకు చెప్పకు. సాయంత్రానికి మూలలు నలిగాయని మీ అమ్మ లాక్కుని బైబిల్లో పెట్టేసింది.

చరిత్ర అడిగావు. నీ కోసం దివాణానికి వెళ్లి వాకిట్లో కూర్చుని అన్నీ అడిగాను. రామరాజుగారి భార్య జానకీదేవమ్మగారు తలుపు చాటునుంచే చెప్పారు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, దొర సంతోషించాలి.

ఒలందావాళ్లు ఓడ ఎక్కుతూ ముత్తాతగారికి ఇచ్చారు. పెద్ద చావిట్లో ఉండేది. పండగలకు తప్ప ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. చివరగా కూర్చున్నది రామరాజుగారే. ఆయనకు అమ్మవారు వచ్చింది. ఒళ్లంతా పోసింది, వీపు మీద మరీ ఎక్కువ, వెల్లకిలా పడుకోలేకపోయారు. కుర్చీలో కూర్చోబెట్టమన్నారు. రాత్రీ పగలూ అందులోనే ఉండి, అందులోనే ప్రాణం విడిచారు. దించబోతే ఒళ్లు మొకమలుకు అతుక్కుపోయి ఊడి రాలేదట. దిండు మీద చారలు చారలుగా మచ్చలున్నాయి చూశావా? అవి ఆయనవే! మీ అమ్మ వాటినే కడుగుతానని పట్టుబట్టింది. నేను కాపాడాను. పాతకాలపు రాజుగారి ఆఖరి గుర్తు అని దొరకు చెప్పు, ఇంతకంటే చరిత్ర ఏ కుర్చీకి ఉంటుంది?

పేట సంగతులు. మంచం పట్టుకుపోయిన పోతురాజు ఇంట్లో పిల్లలకు కూడా అమ్మవారు పోసింది, పాపం. చిన్నవాడు కళ్లు తెరవడం లేదు. మన ఇంట్లో పసివాళ్లు ఎవరూ లేరు, అదొక అదృష్టం.

ఈస్టరుకు దారి చూస్తున్నాను. అప్పారావుగారికి చెప్పి ఉంచాను. ఉయ్యాలకు తాళ్లు నేనే పేనుతున్నాను.

నీ తండ్రి
వీరాస్వామి

*

మద్రాసు,
1893 మార్చి 29.

నాన్నగారికి.

పాప పోయింది.

మొదట జ్వరం వచ్చింది. పళ్లు వస్తున్నాయనుకున్నాం. తర్వాత మొహం మీద, అరచేతుల్లో కనబడ్డాయి. డాక్టరు గుమ్మం దగ్గరే ఆగి, "టీకా వేయించారా?" అని అడిగాడు. ఈస్టరుకు వేయిద్దామనుకున్నామని చెప్పాను.

మీ ఉత్తరం ఆ మర్నాడు వచ్చింది. ముందు దేవకుమారే విప్పింది, పాప ఫొటో గురించి మీరేం రాశారో చూద్దామని. చదివి మడిచి నా చేతికిచ్చింది. నాకూ తనకూ చిన్నప్పుడే టీకాలు పడ్డాయి, మాకేమీ కాలేదు. అదే భరించలేకపోతోంది.

మిమ్మల్ని తప్పు పట్టి రాస్తున్నాననుకోకండి. కడగవద్దని రాసింది నేను. నా మాట మీరు అక్షరాలా పాటించారు.

పాదిరిగారు వచ్చేసరికి ఊపిరి ఉంది. ఇంట్లోనే బాప్తిస్మం ఇచ్చారు. ఏం పేరని అడిగారు. దేవకుమారే చెప్పింది, పాపాయమ్మ అని.

కుర్చీ ఇక్కడ లేదు. పాపకు జ్వరం తగలకముందే దొర మనుషులు వచ్చి పెట్టెలో బిగించి తీసుకుపోయారు. దొర, కుర్చీ ఒకే ఓడలో వెళ్లారు. ఓడ సముద్రంలో ఉంది. అతనికి నేనేమీ తెలియజేయలేదు. చెబితే ఆ కుర్చీని తగలబెడతాడు, కొట్టు నా చేతిలోంచి పోతుంది, మశూచి సామాను అంటగట్టినవాడని ఇక ఏ కొట్లోనూ నన్ను నిలబడనివ్వరు. బిడ్డ పోయింది, ఉన్న ఒక్క పనీ పోగొట్టుకోనా? దూరదేశం, చలిదేశం. అక్కడి దాకా వెళ్లేసరికి ఏమీ ఉండదేమో.

ఈస్టరుకు రాలేం. అమ్మకు మీరే నెమ్మదిగా చెప్పండి.

ఏసురాజు

*

లాకులపేట,
1893 ఏప్రిల్ 7.

నాయనా ఏసురాజూ, అమ్మా దేవకుమారీ,

ఉత్తరం అందింది. టపా మనిషి గట్టు మీద ఎదురైతే అక్కడే విప్పాను. ఎప్పుడొస్తారో తేదీ రాశారనుకున్నాను. ఆ తర్వాత ఇంటికి ఎలా వచ్చానో తెలియదు.

మీ అమ్మకు నెమ్మదిగా చెప్పడానికి ఏమీ లేకపోయింది. నా మొహం చూసింది. "పిల్లేనా?" అంది. ఏడవలేదు. లోపలికి వెళ్లి పసుపు నూరింది. బిందెతో తెచ్చి, వసారాలో కుర్చీ పెట్టిన చోట నేల కడిగింది. కుర్చీ పోయి ఎన్నాళ్లయిందో, అయినా కడిగింది. నేను వద్దనలేదు. నీళ్లు నేనే తోడి పోశాను. కడిగిన చోటే మళ్లీ మళ్లీ కడిగింది.

పోతురాజు చిన్నవాడు కూడా పోయాడు. ఉయ్యాల తాళ్లు వాడి పెట్టెకు కట్టి మోసుకువెళ్లాం. ఇంకేం చేసుకుంటాను?

సంతోషం నోట్లో దాచుకోలేని మనిషిని నేను. ఫొటో పట్టుకుని ఎన్ని గడపలు ఎక్కానో అన్ని గడపలూ ఇప్పుడు మళ్లీ ఎక్కుతున్నాను. "రాణీగారు ఎప్పుడొస్తారండీ?" అని వాళ్లే ముందు అడుగుతున్నారు. పేరు కూడా అందరికీ తెలుసు, నేనే కదా చెప్పాను.

అమ్మా దేవకుమారీ, నీకు రాయడానికి నాకు మొహం లేదు. ఆ పేరు నువ్వే చెప్పావట. ఆ మాట దగ్గర ఉత్తరం పక్కన పెట్టేశాను. మిగతాది పాదిరిగారు మీ అత్తకు చదివి వినిపిస్తుంటే విన్నాను.

అబ్బాయీ, ఒక్క సంగతి. నువ్వు నాకు తప్పు లేదన్నావు. ఉందో లేదో దేవుడు చూసుకుంటాడు. ఆ రోజున ఇది ఎలాంటి కుర్చీయో నీకూ తెలియదు, నాకూ తోచలేదు. ఇవాళ ఇద్దరికీ తెలుసు. తెలిసి ఊరుకుంటే అది వేరు. చలిదేశంలో చస్తుందో బతుకుతుందో నువ్వూ నేనూ చెప్పగలమా? పడవలో అన్ని రోజులు వచ్చినా చావలేదు కదా. లాకు ఆఫీసులో అడిగాను. ఓడ కంటే తంతి ముందు చేరుతుందట, దొర ఇంటికే కొట్టవచ్చట. ఈ ఉత్తరం చదివిన చేత్తోనే వెళ్లి కొట్టించు. పని పోతే పోనీ. ఇక్కడికి వచ్చేయండి. ఇంట్లో రెండు చాపలకు చోటుంది, కుర్చీలు లేవు.

చెప్పవలసినవాళ్లను కింద రాస్తున్నాను.

మీ నాన్న
వీరాస్వామి

ధవళేశ్వరంలో మీ మేనత్త పెద్దింట్లమ్మ. పిల్లకు వెండి మురుగులు చేయించి ఉంచింది. నేనే వెళ్లి చెబుతాను.

రావులపాలెంలో మీ చిట్టియ్య బాబాయి. కబురు వెళ్లింది.

పోలవరంలో కోడలిపిల్ల అన్న జీవరాజు. అతనికి నువ్వే రాయాలి, చెల్లెలి దగ్గరకు రమ్మని.

టీకాల అప్పారావుగారు. చుట్టం కారు, కాని ఈస్టరు నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని మన ఇంటికి వచ్చారు. చెప్పాను. టీకాల పెట్టె తెరవకుండానే వెళ్లిపోయారు.

దొర ఇంట్లోవాళ్లు. వాళ్లు మనకు ఏమీ కారు. అందరికంటే ముందు వాళ్లకే చెప్పు. ఆ పిల్ల పేరేమిటో తెలియదు. దాన్ని దిండు మీద కూర్చోబెట్టక ముందే చెప్పు.